యూదా చొక్కా

కత్తెర పక్కనే ఉన్నా ఎవ్లాలియమ్మ దారాన్ని పళ్లతోనే కొరుకుతుంది. పెదవుల మధ్య రెండు సూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. కొండ మీది పటాలానికి చొక్కాలు కుట్టేది ఆమే. ఏసును పట్టిచ్చిన యూదా గడ్డిబొమ్మను ఈస్టర్ ముందు శనివారం ఊరు తగలబెడుతుంది. దానికి బట్టలు కుట్టేదీ ఆమే. గుడిసె గుడిసెకూ తిరిగి బైబిలు చదివి, "భూమి దొరలది కాదు, దేవుడిది" అన్నందుకు ఆమె కొడుకు రోసెందోను కెప్టెన్ ఓవాల్యే స్వయంగా ఈడ్చుకుపోయాడు. మళ్లీ పంపలేదు. ఆ పెనుగులాటలో కెప్టెన్ చొక్కా ఇత్తడి గుండీ తెగి ఆమె వాకిట్లో పడింది. వారం తిరక్కుండా ఆ చొక్కా ఆమె దగ్గరికే వచ్చింది. "ఇత్తడిది దొరకలేదు దొరా" అని నల్ల గుండీ కుట్టి పంపింది.

ఈ ఏడు బొమ్మకు చొక్కా తొడుగుతుంటే ఫాదర్ గొంతు తగ్గించి అన్నాడు: "ఆ గుండీ తీసెయ్ తల్లీ, నిన్నూ ఎత్తుకుపోతారు. ఏసు శిలువ మీద కూడా క్షమించలేదా?"

"నేనూ క్షమిస్తాలెండి ఫాదర్. ముందు వీణ్ణి కాలనివ్వండి."

మిట్టమధ్యాహ్నం నడిబజారులో యూదాను వేలాడదీశారు. ఛాతీ మీద ఒకే ఒక్క ఇత్తడి గుండీ ఎండకు ధగధగలాడింది. జనం కళ్లు ముందు దాని మీద, తర్వాత అరుగు మీద కుర్చీ వేసుక్కూర్చున్న కెప్టెన్ నల్ల గుండీ మీద వాలాయి. కెప్టెన్ చెయ్యి దానంతటదే లేచి ఆ గుండీని కప్పుకుంది. ఎవ్లాలియమ్మ నోట్లోంచి సూదులు తీసి, కాగడా అందుకుంది.