పగటిపూట దించిన దోమతెర

మొన్న ఆదివారం ఆరాధన ముగిసే ముందు పాస్టరు గారు ఒక ప్రకటన చేశారు. మన సంఘంలో ఒక సోదరికి డెంగీ వచ్చిందనీ, ఎవరూ ఇంటికి వెళ్లి శ్రమపెట్టవద్దనీ, ఎక్కడివారక్కడే ప్రార్థించి సంఘం గ్రూపులో ఒక మాట పెడితే చాలుననీ చెప్పారు. నేను మందిరం మెట్లు దిగకముందే సంచీలో ఫోను మోగడం మొదలైంది, తీసి చూస్తే అన్నీ చేతులు జోడించిన బొమ్మలే. వాటిని చూస్తూ అశోక్ నగర్‌లోని మా ఇంటి దాకా నడిచాను గాని, నా మనసు ఇరవై ఏళ్లు వెనక్కి, చిక్కడపల్లిలో అన్నా వదినా నేనూ కిరాయికున్న రెండు గదుల ఇంటికి వెళ్లిపోయింది.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఒకరికి జ్వరమొస్తే సంఘమంతా ఆ ఇంట్లోనే ఉండేది. నారాయణగూడలో కాలేజీ ఆఫీసులో నా పని ముగించుకుని వస్తూ ఏ గుమ్మం ముందైనా చెప్పుల కుప్ప చూశానంటే, లోపల ఎవరో మంచాన పడ్డారని అర్థం. మంచం చుట్టూ చాపలు పరిచి ఒకరినొకరు ఒరుసుకుని కూర్చోవడం, ఒక్కొక్కరే లేచి రోగి నుదుటి మీద చెయ్యి ఉంచి ప్రార్థించడం మాకు బైబిలు వాక్యం నేర్పిన పద్ధతి. అలా రానివారిని మేము విశ్వాసుల లెక్కలో వేసేవాళ్లం కాదు. స్త్రీల ప్రార్థన కూటాన్ని నడిపించేది పక్క వీధిలో ఉండే మా పెద్దమ్మ. అమ్మ పోయాక అన్ననూ నన్నూ పెంచింది ఆవిడే, ప్రార్థించడం నేర్పిందీ ఆవిడే.

ఆ వానాకాలం అన్న జ్వరంతో పడిపోయాడు. వీధి చివరి డాక్టరు గారు రక్తపరీక్ష చూసి డెంగీ అని చెప్పి, వదినను కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. జ్వరమున్న ఈ కొద్ది రోజులూ వైరస్ అన్న రక్తంలోనే తిరుగుతూ ఉంటుందట, మనిషిని తాకితే అంటుకోదు గాని, అతన్ని కుట్టిన దోమ రక్తంతో పాటు దాన్నీ మోసుకుపోయి, కొన్నాళ్లకు మరొకరి రక్తంలోకి వదులుతుందట, ఆ దోమ పగలే కుడుతుంది కనుక పగలంతా తెర దించి ఉంచమన్నారు. వదిన ఆ మధ్యాహ్నమే సుల్తాన్ బజారుకు వెళ్లి దోమతెర కొనుక్కొచ్చి, అన్న మంచానికి కట్టి, అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి దోపింది.

మరునాడు ఇంకా వెలుతురుండగానే కూటం వాళ్లు వచ్చారు. పెద్దమ్మ తెరను చూసి నవ్వింది.

“ఏంది బిడ్డా, పెండ్లిపిల్లను దాసినట్టు దాసినవ్?”

“డాక్టర్ దించి ఉంచుమన్నడు అత్తమ్మా. ఆయన రక్తంల వైరస్ ఉన్నదట, దోమ మోసుకొచ్చి మీకు ఎక్కిస్తదట. మా నాయన గూడ జబ్బు జేసిన బర్రెను వేరే కట్టేసి పొగ పెడ్తుండె, ఈగలు వాలకుంట.”

“అయితే నీ మొగుడు బర్రెనా?”

అందరూ నవ్వారు, తెర లోపల అన్న కూడా. “ఇన్నేండ్ల సంది దోమలు నన్ను తాగుతనే ఉన్నయ్, ఇంక మిగిలిందేమున్నది?” అంది పెద్దమ్మ. “ప్రార్థన జేసేటోళ్ల నడుమ తెర ఉండొద్దు బిడ్డా.”

వదిన తెర అంచును వదలలేదు. పెద్దమ్మ కోపం లేకుండా, పసిపిల్ల గుప్పిట తెరిచినట్టు, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తెరను పైకెత్తింది. చాప మీద ఎవరో “కొత్తగ నమ్ముకున్నది గద, విశ్వాసం తక్కువ” అన్నారు. పెళ్లికి ముందే బాప్తిస్మం తీసుకుని మాలో కలిసిన వదినకు అంతకు మించిన దెబ్బ లేదు. అన్న లేచి కూర్చునే దాకా ప్రతి సాయంత్రం ఆ తెర పైకి లేస్తూనే ఉంది.

అన్న కోలుకున్నాడు, మందిరంలో కృతజ్ఞతా ప్రార్థన చేశాం. తరువాత కొద్ది వారాలకే కూటంలో ఇద్దరికి జ్వరం తగిలి తగ్గిపోయింది, ఆ వెంటనే పెద్దమ్మకు వచ్చింది. ఏ దోమ ఎవరి రక్తం మోసుకొచ్చిందో తాను చెప్పలేనన్నారు డాక్టరు గారు. నిజమే, ఆ ఏడు చిక్కడపల్లిలో జ్వరం లేని వీధి లేదు. కానీ ఆ మాట మా ఇంట్లో ఎవరికీ ఊరట ఇవ్వలేదు.

పెద్దమ్మను మా ఇంటికే తెచ్చుకుని అన్న మంచం మీదే పడుకోబెట్టాం. సాయంత్రం గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే ఆవిడ వదినను పిలిచింది.

“తెర దించు బిడ్డా. అంచులు మంచిగ దోపు. వాళ్లను లోపలికి రానియ్యకు.”

“బాధపడ్తరు అత్తమ్మా.”

“పడనియ్. మెట్ల మీద కూసోని పాడుమను, నాకు ఇనవడ్తది.”

అలా వాళ్లు మెట్ల మీదా గల్లీలోనూ కూర్చుని కిటికీ వైపు తిరిగి పాడారు. లోపల వదిన తెర మీది నుంచే ఆవిడ నుదుటిని అరచేత్తో అదిమి ఉంచింది, పెద్దమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ వాళ్లతో కలిసి పాడింది. చిగుళ్ల నుంచి రక్తం మొదలయ్యాక ఆసుపత్రికి తీసుకుపోయాం, అక్కడి నుంచి ఆవిడ తిరిగి రాలేదు. సమాధి దగ్గర నుంచి వచ్చాక వదిన ఆ తెరను ఉతికి మడత పెట్టింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే మాకు కొంత తేలిక అయ్యేదేమో.

నా ప్రభువును నేను ఆనాడూ శంకించలేదు, ఈనాడూ శంకించను. డాక్టరు నోట వచ్చిన మెలకువ కూడా ఆయన ఇచ్చిందేనని గ్రహించడానికి మాకు పెద్దమ్మ ప్రాణం పోవలసి వచ్చిందే అన్నదొక్కటే నా దుఃఖం. ఇప్పుడు ఆ మెలకువ అందరికీ ఉంది. పాస్టరు గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయినా మెట్ల మీద కూర్చోవడం ఎప్పుడు మానేశామో నాకు తెలియదు.

మనసు ఊరుకోక, మొన్న ఆదివారం సాయంత్రమే విద్యానగర్‌లో ఆ డెంగీ వచ్చిన సోదరి ఉండే అపార్టుమెంటుకు ఆటోలో వెళ్లాను. వాచ్‌మన్ పైకి ఫోను చేసి ఇస్తే, వాళ్లబ్బాయి ఎంతో మర్యాదగా, “ఎందుకు పరేషాన్ ఆంటీ, గ్రూపులో పెట్టండి, అమ్మకు చూపిస్తా” అన్నాడు. సరేనన్నాను. గేటు బయట నిలబడి, పెద్దమ్మకు ఇష్టమైన పాట ఎత్తుకుందామని తల పైకెత్తాను. అంతస్తుల నిండా కిటికీలు, అన్నిటికీ అద్దాలు వేసి ఉన్నాయి. వాటిలో ఆమెది ఏదో నాకు తెలియలేదు.