కిటికీకి వీపు పెట్టి

ఊరంతా ఎగురుతుంటే కదలకుండా కూర్చున్నందుకు జీతం తీసుకునేవాణ్ని డీజే అంటారు. రెండువేల దశకం మధ్యలో గద్వాలలో నా ఉద్యోగం అదే. డీసీఎం వ్యాను మీద బాక్సులు, జనరేటరు, ఆ రెంటి నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో నేను. ఎండాకాలపు సాయంత్రాల్లో పెళ్లి బరాత్ ముందు వ్యాను మనిషి నడిచేంత మెల్లగా కదిలేది. వెనకాల లేచిన దుమ్ములో మనుషులు మునిగిపోయి, చేతులు మాత్రం పైకి తేలుతూ వచ్చేవి. ఏ చెయ్యి ఎవరిదో నాకు తెలిసేది కాదు. అప్పటికి వాళ్లకు కూడా తెలిసేది కాదనుకుంటాను.

సెట్టు మొత్తం చాచాది. కోటకు పోయే దారిలో ఆయన సౌండ్ దుకాణం ఉండేది. పాటకు పాట కలపడం నేను ఎవరి దగ్గరైనా నేర్చుకునేవాణ్నే. చాచా నేర్పింది ఆపడం. మసీదు దగ్గర తగ్గించాలి, గుడి దగ్గర తగ్గించాలి, దవాఖాన ముందు ఇంకా తగ్గించాలి. చావు ఎదురొస్తే మాత్రం సౌండు మీట కిందిదాకా లాగేయాలి. పాడె మలుపు తిరిగేదాకా ముట్టుకోకూడదు. వనపర్తి వీధులైనా నాగర్‌కర్నూల్ వీధులైనా నాకు పేర్లతో గుర్తులేవు, ఎక్కడ చెయ్యి కిందికి దిగాలో ఆ చోట్లతో గుర్తు. వనపర్తికి పోయేటప్పుడు బీచుపల్లి బ్రిడ్జి మీద డ్రైవరు రెండు చేతులూ ఎత్తి ఆంజనేయుడికి మొక్కేవాడు. స్టీరింగు పట్టుకోమని నేను గొణిగితే, చాచా క్యాబిన్‌లో టేపు ఆపేసి, “మొక్కనీరా, బండిల మనం గూడ ఉన్నం గదా” అనేవాడు.

నాకు మాత్రం రేడియో కావాలి. బరాత్‌లో నా గొంతుకు ఉన్న పనల్లా, జర జరుగుండ్రి, వైర్లు తొక్కకుండ్రి అని అరవడమే. ఆ రెండు ముక్కల కోసం దేవుడు ఇంత గొంతు ఇచ్చి ఉండడని నా నమ్మకం. తుంగభద్ర అవతలి ఊళ్లో ఒక చిన్న ఎఫ్‌ఎం కేంద్రం ఉండేది. శనివారం మధ్యాహ్నాలు గంటసేపు డాన్సు పాటలు వేసి మాట్లాడడానికి అక్కడ మనిషి కావాలన్నారు. ఒక శనివారం నేరుగా ప్రసారంలోనే పరీక్ష. నెగ్గితే శనివారాలు నావి. లేకపోతే ప్లాస్టిక్ కుర్చీ ఎలాగూ నాదే.

అక్కడి మేడం రెండే షరతులు చెప్పింది. పుస్తకాల తెలుగు మాట్లాడాలి, గాలిలో నిశ్శబ్దం ఉండకూడదు. పాట ఆగితే కేంద్రమే పోయిందనుకుంటారట. వారమంతా అద్దం ముందు నిలబడి శ్రోతలకు నమస్కారాలు పెట్టాను. వంటింట్లోంచి అమ్మ, చుట్టాలెవరన్నా వచ్చిండ్రా అని అడిగింది.

ఆ శనివారం చాచా రేడియోను తీసుకెళ్లి బరాత్ బాక్సులకు తగిలించి, దుకాణం ముందు వీధిలో పెట్టాడట. నేను ఓడిపోయినా వీధి అంతా వినేలా ఏర్పాటు చేశాడన్నమాట.

స్టూడియోలో మొదటి అరగంట కలలా గడిచింది. మెత్తటి గోడలు, చల్లగాలి, దుమ్ము లేదు, వైర్లు తొక్కేవాళ్లు లేరు. నా మాటలు నది దాటి, చేలు దాటి, నేను ఎప్పుడూ కూర్చునే కుర్చీ పక్కనే దిగుతున్నాయనుకుంటే ఒళ్లు తేలిపోయింది. పక్కన పెద్ద అద్దాల కిటికీ, దాని కింద రోడ్డు. మంచి ఊపున్న పాట నడుస్తుండగా ఆ రోడ్డు మీదికి ఒక పాడె వచ్చింది. ముందు డప్పులవాళ్లు కొడుతున్నారు, కానీ మందపు అద్దం వల్ల చప్పుడు లేదు. వాళ్ల చేతులు సరిగ్గా నా పాట దరువు మీదే పడుతున్నాయి. పాడె మీద ఎవరో ముసలాయన, మొహం ఆకాశానికి పెట్టుకుని, నా పాటకు మెల్లగా ఊగుతూ పోతున్నాడు.

నా చెయ్యి మీటను కిందిదాకా లాగేసింది. నన్ను అడగలేదు.

కేంద్రం పోయింది. లోపలి అద్దం అవతల మేడం లేచి నిలబడింది. ఆమె నోరు కదులుతోంది, అదీ వినిపించదు. ఆ మధ్యాహ్నం అందరూ నాకు మూగగానే కనిపించారు. పాడె ఇంకా మలుపు దాకా రాలేదు, కాబట్టి మీట ముట్టకూడదు. ఏదో ఒకటి చెప్పాలి కనుక మైకు తెరిచాను. అద్దం ముందు నేర్చుకున్న తెలుగు ఒక్క ముక్క దొరకలేదు.

“జర ఆగినం. కిటికీ కింద ఒకాయన పోతుండు. ఆయన పోయినంక మళ్ల దుంకుదాం.”

పాడె మలుపు తిరిగింది. మీట పైకి తోశాను. గంట ముగిశాక మేడం అరవలేదు, ఫోన్ చేస్తామంది. అరిచి ఉంటే కొంచెం ఆశ ఉండేది.

సాయంత్రం బస్సు దిగితే చాచా దుకాణం పక్క హోటలాయన మొదట పట్టుకున్నాడు.

“ఏమిరా, రేడియోల గూడ బరాత్ తీస్తివా?”

తర్వాత సంగతి చెప్పాడు. బాక్సులు ఒక్కసారి మూగబోగానే కరెంటు పోయిందని ఒకరు, సెట్టు కాలిందని ఒకరు లేచారట. చాచా మాత్రం బీడీ ఆర్పి లేచి నిలబడ్డాడట. నేను మైకు తెరవకముందే, “ఏం కాలే. వాడే ఆపిండు. ఆడ ఎవరిదో మయ్యత్ పోతుంది” అన్నాడట. దాంతో వీధిలో కూర్చున్నవాళ్లంతా లేచారు. నదికి అవతల పోయిన మనిషి కోసం, ఆయనెవరో తెలియకుండానే, గద్వాలలో ఒక వీధి నిలబడింది. ఆయన బతికుండగా ఇంతమందిని లేపి ఉండడు. నేను చాచా దగ్గరికి వెళితే వైర్లు చుట్టమన్నాడు. చుట్టాను.

కొన్నాళ్లకు దుకాణం ఫోనుకే మేడం కబురు వచ్చింది. మళ్లీ రమ్మంది. భాష అలాగే ఉండనీ అంది. ఒక్క మార్పు చేశామంది. వెళ్లి చూస్తే నా కుర్చీ తిప్పేసి ఉంది. కిటికీకి వీపు, గోడకు మొహం.

అలా శనివారాలు నావయ్యాయి. ఎదురుగా తెల్లటి గోడ. పాట ఎత్తుకోగానే ఆ గోడ మీద దుమ్ము లేస్తుంది, చేతులు తేలుతాయి, వ్యాను కోట దారిలో మెల్లగా కదులుతుంది. మసీదు వస్తుంది, కొంచెం తగ్గిస్తాను. దవాఖాన వస్తుంది, ఇంకొంచెం. అది నా స్టైలని మేడం అనుకుంటుంది. గద్వాలలో మాత్రం చాచా బాక్సుల పక్కన కూర్చుని, ఇప్పుడు నేను ఏ వీధిలో ఉన్నానో పక్కవాళ్లకు చెబుతుంటాడట.