తప్పేలాకి మెత్తది, మూతకి గట్టిది

తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయిన మరుసటేడు మావారు కువైట్ నుంచి వచ్చేసేరు. అక్కడ వంటపాత్రల ఫ్యాక్టరీలో చాలాకాలం లేత్ మీద పనిచేసేరు. ఇంక వెళ్ళనని వచ్చిన రోజే చెప్పేరు. మా బావగారికి, అంటే మావారి అన్నయ్యగారికి, అంబాజీపేట రోడ్డులో కురిడీ కొబ్బరికాయల కొట్టు ఉండేది. చెట్లే పడిపోయేక కురిడీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఖాళీగా పడున్న ఆ కొట్టు మమ్మల్ని వాడుకోమన్నారు. అందులో పాత లేత్ ఒకటి బిగించుకుని సత్తు తప్పేలాలు చెయ్యడం మొదలుపెట్టేం.

ఆ పని చూడ్డానికి బావుంటుంది. లేత్‌కి చెక్క అచ్చు బిగిస్తారు. దాని ముందు గుండ్రటి అల్యూమినియం బిళ్ళ పెడతారు. దాన్నే సర్కిల్ అంటాం. మిషను తిరుగుతుంటే పొడవాటి కర్రపిడి ఉన్న ఇనప కడ్డీతో ఆ బిళ్ళని నొక్కుకుంటూ పోవాలి. రేకు మెల్లగా వెనక్కి వంగి అచ్చుని కరుచుకుంటుంది. కాసేపటికి తప్పేలా తయారు. ఆయన చేస్తుంటే పిండి పిసికినంత సులువుగా కనపడేది. నేను అంచులు రుద్ది, తుడిచి, దొంతర్లు పేర్చేదాన్ని.

సర్కిళ్ళు రాజమండ్రిలో ఒక వ్యాపారి దగ్గర తెచ్చుకునేవాళ్ళం. సైజు చెప్పేవాళ్ళం, ఆయన కట్టలు కట్టి లారీకి వేసేవాడు. అంతకుమించి అడగాలని మాకు తోచలేదు. కువైట్‌లో సర్కిళ్ళు చూసి కొనేవాళ్ళు వేరే ఉండేవారు. మావారి పని తిప్పడం వరకే.

తాటిపాకలో గ్యాసు పనుల దగ్గర క్యాంటీన్ నడిపే కాంట్రాక్టరు ఒకాయన మా దగ్గరకి వచ్చేరు. పెద్ద తప్పేలాలు, మూతలతో సహా కావాలన్నారు. మాకు అంత పెద్ద ఆర్డరు రావడం అదే మొదలు. రాజమండ్రి నుంచి కొత్త లాటు దిగింది. మొదటి బిళ్ళ లేత్‌కి ఎక్కించగానే మావారు మొహం చిట్లించేరు.

"ఈ లాటు బిర్రుగా ఉందే. కడ్డీకి లొంగట్లేదు," అన్నారు.

"పోనీ ఆపండి. వెనక్కి పంపేద్దాం."

"మాటిచ్చేం కదా. కాస్త గట్టిగా నొక్కితే వస్తుందిలే."

నొక్కేరు. నేను అటు తిరిగి దొంతర సర్దుతున్నాను. రేకు చిరిగిన చప్పుడూ ఆయన అరుపూ ఒకేసారి వినపడ్డాయి. అంచు దగ్గర చీలిన బిళ్ళ కడ్డీకి తగులుకుని, ఎగిరి, ఆయన కుడి మణికట్టు మీంచి కోసుకుంటూ పోయింది. మిషను ఆపి, నా పైటచెంగు చింపి కట్టేను. బావగారి స్కూటరు మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళేం. చెయ్యి దక్కింది. చిటికెనవేలూ దాని పక్క వేలూ మాత్రం ఇంక ముడుచుకోవని డాక్టరుగారు చెప్పేరు.

ఇంటికొచ్చేక బావగారు నన్ను పక్కకి పిలిచేరు. "అమ్మాయీ, మిషను అమ్మేద్దాం. వాడికి ఏదైనా కొట్లో కూర్చునే పని చూస్తాను."

"ఆయ్, అలాగేనండి. కానీ ముందు ఆ బిళ్ళ ఎందుకు చిరిగిందో తెలుసుకోనివ్వండి," అన్నాను.

"తెలిస్తే ఏమవుతుందమ్మా?"

"ఆయన చేతగానితనం కాదని తెలుస్తుందండి."

అది నా నోటి వెంట ఎలా వచ్చిందో తెలీదు గాని, వచ్చేక దానికి కట్టుబడ్డాను. ఎందుకంటే మావారు గోడవైపు తిరిగి పడుకుని ఆ మాటే అనుకుంటున్నారని నాకు తెలుసు.

చిరిగిన బిళ్ళని గోనెసంచిలో చుట్టుకుని రాజమండ్రి బస్సెక్కేను. వ్యాపారి మర్యాదగానే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేడు.

"సర్కిల్ అంటే సర్కిలే కదమ్మా. అందరికీ ఇదే ఇస్తున్నాను. అంతా తిప్పే చేతిలో ఉంటుంది," అన్నాడు.

"తిప్పే చేతికి కట్టు కట్టి ఉందండి. అందుకే నేనొచ్చేను. ఇది ఎక్కడ తయారయిందో చెప్పండి, నేనే వెళ్ళి అడుగుతాను."

చెప్పడానికి ఆయనకి ఇష్టం లేదు. నేను లేవలేదు. కొట్లోకి బేరాలకి జనం వస్తున్నారు, నా ఒళ్ళో చిరిగిన బిళ్ళని చూస్తున్నారు. చివరికి హైదరాబాదు అవతల ఉన్న రేకుల మిల్లు పేరు చెప్పేడు.

ఇంటికొచ్చి మిల్లుకి వెళ్దామంటే మావారు రానన్నారు. "వాళ్ళు మనకెందుకు చెబుతారు? పెద్దపెద్దవాళ్ళతో వ్యాపారం చేసేవాళ్ళు."

"చెప్పకపోతే తిరిగొచ్చేద్దాం. మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. అక్కడ వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పలేక నిలబడతాను. మీకు ఇష్టమేనా?"

ఆయన వచ్చేరు. రైల్లో దారి పొడుగునా కట్టు ఉన్న చేతిని తువ్వాలు కింద దాచుకుని కూర్చున్నారు.

మిల్లు మేనేజరుగారు మంచి మనిషి. చిరిగిన అంచుని కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసేరు. తర్వాత అదే లాటులోంచి మేం తెచ్చిన ఇంకో బిళ్ళని చేత్తో వంచి వదిలేరు. అది టపీమని వెనక్కొచ్చింది.

"ఇది బోర్డులకి వాడే రకమండి. రోడ్డు పక్క బోర్డులు వంగకూడదు కదా, అందుకని గట్టిగా ఉంచుతాం. మీకు కావలసింది కొలిమిలో కాల్చి మెత్తబరిచింది. ఇకపోతే ఈ చిరిగింది అసలు మాది కాదు. చూడండి, విరిగినచోట పంచదార పలుకుల్లా ఉంది. తుక్కు కరిగించి పోసిన రేకు ఇది. ఎవరో కట్టలో కలిపేసేరు."

"మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదండి," అన్నారు మావారు.

"ఏ పనికో మీరూ చెప్పలేదు కదండీ. కొలతలివ్వకుండా జాకెట్టు కుట్టమన్నట్టుంది," అని నవ్వేరాయన.

మావారు కూడా కొంచెం నవ్వేరు. చెయ్యి తెగిన తర్వాత అదే మొదటిసారి. ఆ తర్వాత ఆయనే అడగడం మొదలుపెట్టేరు. మందం మధ్యలో ఒకలా అంచుల్లో ఒకలా ఉంటే ఏమవుతుంది? కొన్ని బిళ్ళలు సాగదీసేక కమలాపండు తొక్కలా గరుగ్గా ఎందుకు తేల్తాయి? కుక్కరుకి ఏది, దీపాల మీద బుట్టలకి ఏది? మేనేజరుగారు కొలిమి దగ్గరకి తీసుకెళ్ళి, ఎక్కువ కాలితే గరుకు ఎలా వస్తుందో చూపించేరు. వచ్చేటప్పుడు రకానికి కాసిని బిళ్ళలు ఇచ్చి, "చేసి చూసుకుని, ఏది కావాలో అప్పుడు చెప్పండి," అన్నారు.

బిళ్ళలైతే వచ్చేయి. తిప్పేవాళ్ళేరీ? మావారి చేతికి పట్టు లేదు. బయట మనిషిని చూద్దామన్నారు.

"నేను తిప్పుతాను. మీరు పక్కన నిలబడి చెప్పండి," అన్నాను.

"నీకేమైనా అయితే?"

"బిర్రుగా ఉంటే ఆపేద్దాం. ఈసారి నొక్కొద్దు."

చీర బిగించి దోపుకుని, ఆయన పాత తోలు చేతొడుగులు వేసుకుని లేత్ ముందు నిలబడ్డాను. మొదటి బిళ్ళ ముడతలు పడిపోయింది. రెండోది ఒక పక్కకి వాలింది. నా భుజాలు లాగేస్తున్నాయి. బావగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"చేత్తో కాదు. పిడి చంకలో పెట్టుకో. నడుంతో తొయ్యి, ఊగినట్టు," అన్నారు మావారు. నా వెనక నిలబడి ఎడమచేత్తో నా మోచెయ్యి పట్టుకున్నారు.

ఊగేను. కడ్డీ కింద రేకు కదిలింది. వెన్నలాగ అని చెప్పను. కాని ఇష్టపడి వంగుతున్నట్టు కదిలింది. ఎక్కడ ఆగాలో ఆయన చెప్పేరు, ఆగేను. మళ్ళీ తొయ్యమన్నారు, తోసేను. మిషను ఆపి చూస్తే అచ్చు మీద తప్పేలా ఉంది. ఒక పక్క కొంచెం పల్చబడింది గాని, చిరుగు లేదు. మావారు దాన్ని తీసుకుని వెలుతురుకి ఎత్తి, చుట్టూ తిప్పి చూసి, "అమ్మకానికి పనికిరాదు. రేపటిది పనికొస్తుంది," అన్నారు.

మర్నాటిదీ పనికిరాలేదు. ఆ తర్వాతవి పనికొచ్చేయి.

కాంట్రాక్టరుగారి దగ్గరకి వెళ్ళి జరిగింది చెప్పి గడువు అడిగేం. ఆయన విసుక్కుంటూనే ఇచ్చేరు. పాత లాటులో తుక్కు రేకులన్నీ ఏరి పక్కన పడేసేం. బోర్డు రకంవి మిగిలేయి. వాటిని వెనక్కి పంపుదామంటే మావారు వద్దన్నారు. "మూతకి లోతుండదు, రేకు అట్టే సాగక్కర్లేదు. పైగా మూత వంగకూడదు కదా. దానికి గట్టిదే కావాలి." అలా మూతలన్నీ వాటితోనే చేసేం. తప్పేలాలకి మెత్తవి మిల్లు నుంచి తెప్పించేం. సరుకు తాటిపాక చేరేక ఆ కాంట్రాక్టరుగారు ఒక మూత మీద అరచెయ్యి ఆనించి బరువంతా వేసి చూసేరు. అది వంగలేదు. సరుకు దించమని తన మనుషులకి చెప్పేరు.

ఆ తర్వాత మా పని అలాగే కుదిరిపోయింది. కొనడం ఆయనది, తిప్పడం నాది. పెళ్ళిళ్ళకి వండేవాళ్ళు రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ వచ్చి పెద్ద తప్పేలాలు చేయించుకునేవారు. ఇళ్ళల్లోకి స్టీలు వచ్చేసి చిన్న గిన్నెల బేరం తగ్గినా, వంటవాళ్ళు మమ్మల్ని వదల్లేదు. నన్ను చూసి ఇద్దరు ఆడవాళ్ళు పని నేర్చుకుంటామని వచ్చేరు. వాళ్ళకి తిప్పడం కంటే ముందు బిళ్ళని వంచి చూడ్డం నేర్పేను.

ఒక వానాకాలం మిల్లు వాళ్ళు కూడా పొరపాటున బిర్రు సరుకు పంపేరు. లారీ కొట్టు ముందు ఆగి ఉంది, వాన కురుస్తోంది, డ్రైవరు దింపుకోమని తొందరపెడుతున్నాడు. మావారు కట్టకొకటి తీసి వంచి చూసి, "ఇవి దింపొద్దండి," అన్నారు. లారీ వెనక్కి వెళ్ళిపోయింది. ఆ వారమంతా లేత్ ఖాళీగానే ఉంది. పై వారం మెత్తటి సరుకు వచ్చింది. పని నేర్చుకునే ఆడవాళ్ళిద్దరూ కట్టలు విప్పి బిళ్ళలు వంచి చూస్తుంటే నేను అచ్చు బిగించుకున్నాను.