బసప్ప పెట్టిన సున్నం

కంబదూరు బసప్పతో గోడలు మాట్లాడతాయి. ఒక పాతగోడ ఆయనకు తన వయసు చెప్తా పదేండ్లు తగ్గించుకునిందంట కూడా. నవ్వేవాళ్లు నవ్వండి. అనంతపురంలో యూనివర్సిటీ చిత్రకళల బిల్డింగు కొత్తగా మార్చేటప్పుడు ఆడ ఉన్నోళ్లు మాత్రం నవ్వరు.

బొమ్మలు గీసే గది, మట్టిబొమ్మలు చేసే గది కలిపి కంప్యూటర్ల హాలు చెయ్యాల. నడిమి గోడ తీసెయ్యాల. పని చేయించే జయరాం చేతిలోని ప్లానులో అది ఉత్త అడ్డగోడ. మిద్దెకు లోపల గార నున్నగా ఉంటే కాంక్రీటు స్లాబే అనుకున్నాడు. తాపీమేస్త్రి బసప్ప కర్రతో పైకి తట్టినాడు. గార వెనకాల ఉండేవి రాతిబండలు. రెండు గదుల బండలూ ఆ గోడ మీదనే తలలు ఆనించినాయి.

"ఇది తీస్తే మిద్దె దిగతాది సార్."

"ప్లాను గీసిన ఇంజినీరు నువ్వేనా?"

గోడలో మనిషి దూరేంత సందు కొట్టినారు. సాయంత్రానికి సందు పైన గోడకు వెంట్రుకంత బీట. బసప్ప వక్కాకు తిత్తిలోంచి సున్నం తీసి, బీటకు అడ్డంగా బొటనవేలితో ఒత్తినాడు. ఎండినాక ఆ సున్నం బీట వెంబడే తెగితే గోడ కదులుతాన్నట్టు.

మర్నాడు నిలిచింది. మూడోనాడు పొద్దున తెగింది. చాయ్ తాగొచ్చేలోపల బీట గోరు దూరేంత అయింది. పిల్లోళ్లు మూలన వదిలేసిపోయిన మట్టి తలకాయ మీద గారపొడి రాలతాంది. తుడిస్తే మళ్లీ దాని కండ్లు తెల్లబడతాండాయి.

లోపల గంపలు మోసేవాళ్లలో ఆయన పెండ్లాం నల్లమ్మ ఉండాది.

"గంప ఆడనే పడేసి బయటికి రా."

"మన ఇంటిగోడ బీటిచ్చి ఏడేండ్లాయె, దానికెప్పుడన్నా సున్నం పెట్టినావా?" అని నవ్వింది. ఆయన మొగం చూసి నవ్వు మింగేసింది. గంప దించి, మిగతా ఆడోళ్లను కూడా లాక్కొచ్చింది.

జయరాంకు మండింది. "సోమవారం ఓపెనింగు పెట్టుకొని ఈ ముసలోని కతలు వినాల్నా?" అంటా సమ్మెట ఎత్తుకున్నాడు.

బసప్ప గడపకు అడ్డం నిలబడినాడు.

"పనిలోంచి తీసేస్తా!"

"తీసేయ్ సార్. లోపలికి మాత్రం పోవద్దు."

జయరాం తోసుకొని పోయినాడు. బసప్ప వెనకనుంచి వాని కాలరు పట్టి గుంజితే చొక్కా చినిగి, ఇద్దరూ వరండాలో వెల్లకిలా పడినారు. లోపల ఎవరో పండ్లు కొరికినట్టు చప్పుడు. నాలుగు బండలు ఒకదాని వెంట ఒకటి దిగినాయి. దుమ్ము తగ్గినాక చూస్తే, నల్లమ్మ గంప పెట్టిన చోట బండ ఉండాది. మట్టి తలకాయ లేదు.

"బసప్పా, నీ పెండ్లాన్ని పిల్చుకోని పో" అని ఆ గోడ మూడుసార్లు అరిచిందని ఇప్పుడు కంబదూరు టీకొట్లో చెప్తారు. మూడోసారి కన్నడంలో అరిచిందనేవాళ్లు కూడా ఉండారు. ఒకరోజు ఎవరో ఆయన్నే అడిగినారు. వక్కాకు నములుతా చెప్పినాడు:

"గోడ యాడ మాట్లాడతాదప్పా. సున్నం తెగింది, చూసినా. అంతే."