గుహలో ఆగిన గొంతు

గోవిందా అంటున్న అత్తమ్మ గొంతు సగంలో తెగింది. నా భయం అక్కడే మొదలైంది. గుహలో ఆమె నాకు ముందు, నడుం వంచి నడుస్తోంది. ఒక్క మనిషి పట్టే దారి. కర్పూరం పొగ బయటికి పోయే సందు లేక మా మొహాల మీదికే వస్తోంది.

బాబు పుట్టువెంట్రుకలు ఈ నరసింహస్వామికే ఇస్తానని ఆమె మొక్కుకుంది. అందుకే పొద్దున్నే మిర్యాలగూడలో బయలుదేరి, సూర్యాపేట దాటి ఈ గుట్టకు వచ్చాం. గుండు అయ్యాక మా ఆయన పిల్లలిద్దరితో గుహ బయటే ఉండిపోయాడు. అత్తమ్మ ఆయాసం మనిషి కదా, ఇన్‌హేలర్ కొంగున కట్టుకోమన్నాను.

"నోట్లె పెట్టుకునేదాయె, ఎంగిలిది. స్వామి కాడికి ఎట్ల తీస్కపోత? గింత సదువుకున్నవ్, గది గూడ తెల్వదా బిడ్డా?" అని నవ్వి, దాన్ని సంచిలో వేసి కొడుకు చేతికిచ్చింది.

ఇప్పుడు ఆమె రాతిని పట్టుకుని ఊగిపోతోంది. జుట్టు ముడి ఊడింది. నోరు తెరిచి గాలి కోసం బుసలు కొడుతోంది.

"వెనక్కి జరగండి, ఆయాసమొచ్చింది!" అని అరిచాను.

"ఆయాసం కాదమ్మా, స్వామొచ్చిండు," అంది నా వెనకామె, చేతులు జోడించి. "గోవిందా!" అని వరసంతా అందుకుంది. ఎవరూ అడుగు వెనక్కి వేయలేదు. ఆ వెనకామె నా భుజం మీదుగా వంగి, "స్వామీ, నా బిడ్డకు సంబంధం ఎప్పుడు కుదురుతదో సెప్పు," అని అడిగింది. అత్తమ్మ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"అయ్యో, కుదరదంటుండు!" అని ఆమె ఏడుపు మొదలుపెట్టింది.

దారి కోసం నేను ఆ వెనకామెను నెట్టాను. గోళ్లతో గీరాను కూడా. బయటికి తెచ్చేసరికి అత్తమ్మ పెదాలు నల్లబడ్డాయి. మా ఆయన ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కాడు, పీల్చే శక్తి ఆమెకు లేదు. సూర్యాపేట దవాఖాన చేరకముందే అయిపోయింది.

ఇప్పటికీ, ఇది రాస్తూ కూడా, మధ్యలో లేచి వెళ్లి నిద్రపోతున్న పిల్లల ముక్కుల దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: "స్వామి మీదికొచ్చి తీస్కపోయిండు. పుణ్యాత్మురాలు." మా ఆయనకు ఆ మాట ఊరటగా ఉంది. ఆయన ముందు కాదనడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు పొద్దున పాప అడిగింది: "స్వామికి కోపమొచ్చిందా అమ్మా? తమ్ముని గుండు నచ్చలేదా?"

ఇద్దరినీ ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. మా ఆయన వింటున్నాడని తెలిసే చెప్పాను.

"స్వామి రాలేదు బిడ్డా. తమ్ముని గుండుతోని ఏం కాలే. నానమ్మకు ఊపిరాడలే. దారియ్యుర్రి అని నేనెంత మొత్తుకున్నా ఎవ్వరూ ఇయ్యలే, గంతే."