టైర్లు చూసి పలకరించే మనిషి

అమరేశ్వరరావు గారు మనిషిని ముఖం చూసి గుర్తుపట్టరు, కారు టైర్లు చూసి గుర్తుపడతారు. నవంబరు వచ్చిందంటే, మంచు కురిసే ఈ బ్రాంప్టన్ ఊళ్లో మా వీధి వీధంతా ఆయనకు దొరక్కుండా తిరుగుతుంది. దొరికామా, "బాగున్నారా" అనరు. "వింటర్ టైర్లు వేయించావా వంశీ?" అంటారు. మంచు మీద జారకుండా చలికాలానికి వేసే టైర్లవి. వేయించానన్నా నమ్మరు. వంగి చూసి, కాలితో ఒకటి తన్ని, అప్పుడు మా ఆవిడ ఎలా ఉందని అడుగుతారు.

ఆయనకు కాలు ఒకచోట నిలవదు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే, అందరూ లోపల కూర్చున్నారు, ఆయన మాత్రం బయట కార్ల చుట్టూ ప్రదక్షిణలు చేశారు. కథ మంచి పట్టులో ఉండగా తలుపు తోసుకొచ్చి, "ఆ నీలం కారెవరిదండీ? టైర్లు నున్నగా అరిగిపోయాయి. అసలెలా వచ్చారు?" అని కేకేశారు. పంతులుగారు కథ ఆపి, మెల్లగా చెయ్యెత్తారు.

నేనూ తక్కువ తినలేదు. హైదరాబాదు అలవాటుకొద్దీ, కారు అద్దం కడిగే ట్యాంకులో కుళాయి నీళ్లు పోశాను. అవి శుభ్రంగా గడ్డకట్టాయి. ఆ చలికాలమంతా నన్ను ఎవరికి పరిచయం చేసినా, "ఇతనేనండీ, నీళ్లు పోసింది" అంటూనే చేశారు.

మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే సుధామయికి, పక్కనున్న వాన్ అనే ఊళ్లో ఒక గోడౌన్‌లో ఉద్యోగం వచ్చింది. తెల్లవారుజామున షిఫ్టు, ఆ వేళకు బస్సు లేదు. అందుకని పాత కారొకటి కొంది. సోమవారం డ్యూటీలో చేరాలి, దానికి ముందు శుక్రవారం లైసెన్సు కోసం రోడ్ టెస్టు. అది తప్పితే మళ్లీ డేటు దొరికేసరికి ఉద్యోగం ఇంకొకరిదైపోతుంది.

మా ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే వాహన పూజ పెట్టుకుని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పెద్దాయన కదా, అక్షతలు వేస్తారని రావుగారిని పిలిచింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, నిమ్మకాయ పక్కకు తోసి, టైరు గాడిలో పావు డాలరు నాణెం గుచ్చారు. ఆయన లెక్కలో, టైరు అరగకపోతే నాణెం మీది జింక ముక్కు గాడిలో మునగాలి. ఇక్కడ జింక హాయిగా బయటే ఉంది.

"ఈ టైర్లకు నిమ్మకాయలు కూడా దండగమ్మా! శుక్రవారం మంచు పడుతుందంటున్నారు."

"శుభమా అని పూజ చేసుకుంటుంటే ఆ మాటలేంటి అంకుల్? టైర్ల షాపులన్నిటికీ ఫోన్ చేశా. వచ్చే నెల దాకా అపాయింట్‌మెంట్ లేదంట. టెస్ట్ క్యాన్సిల్ చేసుకోమంటారా?"

"చేసుకో!"

"మరి జాబ్ మీరిస్తారా?"

ఏడుపు గొంతుతో అరిచి లోపలికెళ్లిపోయింది. నాకూ ఒళ్లు మండింది. పెద్దాయన, పిల్లకు ఒక మంచిమాట చెప్పలేకపోయారే అనుకున్నాను.

గురువారం సాయంత్రం ఆయనే వచ్చారు. "తాళాలిలా ఇవ్వమ్మా" అని కారు తీసుకెళ్లి, కాసేపటికి తిరిగి తెచ్చారు. నాలుగు చక్రాలకూ మంచి వింటర్ టైర్లు.

"మా గరాజ్‌లో ఊరికే పడున్నాయి. కాలికి అడ్డం తగులుతున్నాయి," అని కసురుకుని వెళ్లిపోయారు.

శుక్రవారం నిజంగానే మంచు కురిసింది. టెస్టు సెంటర్‌కు తోడెళ్లిన నేను కూర్చోలేక, నిలబడలేక చచ్చాను. సుధామయి మాత్రం నవ్వుతూ వచ్చింది. పాసైంది.

ఆ మరుసటి వారం నేను ఆఫీసుకు పోతుంటే, మంచులో బస్ స్టాప్ దగ్గర రావుగారు అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు. కారు ఆపాను.

"మీ కారేదండీ?"

"బస్సయితే ఒంటికి మంచిదని..."

నాకప్పుడు వెలిగింది. ఆయనదీ సుధామయిదీ ఒకే మోడల్ కారు. "మీ కారుకున్నవే ఊడదీసి ఇచ్చేశారా!"

"అరవకయ్యా! నాకూ షాపులో కొత్త టైర్లకు వచ్చే నెలే డేటు దొరికింది. రిటైరైనవాణ్ణి, నాకేమన్నా షిఫ్టులున్నాయా? ఆ పిల్లకు చెప్పావంటే ఊరుకోను. తెలిస్తే తిరిగిచ్చేస్తుంది."

అంత చలిలోనూ ఆయన్ని కావలించుకోవాలనిపించింది. అది చేతకాక, కారు తలుపు తీశాను. "ఎక్కండి సార్, ఎక్కడికైనా సరే, నేను దింపుతాను."

ఎక్కబోయి ఆగారు. కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు.

"టాపు మీద ఇంత మంచు మోసుకొచ్చావా? బ్రేకేస్తే అదంతా అద్దం మీదికి జారదూ? నేను రాను బాబూ!"

అంతలో బస్సొచ్చింది. ఆయన ఎక్కి, డ్రైవర్ దగ్గర నిలబడి, వేలు కిందికి చూపిస్తూ ఏదో అడిగారు. డ్రైవర్ ఆయన్నొకసారి ఎగాదిగా చూశాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, తన బస్సు టైరు వైపు అనుమానంగా చూసుకున్నాడు.