జుమాదిల్ ఆతాకు లేని జబ్బు

కారాకోల్ ఊరి బజారు వీధిలో ఎవరికి ఏ జబ్బు చేసినా అది వాళ్లొక్కరికే చేసేది కాదు. సాయంత్రానికల్లా, పెద్దాయనని ఊరంతా 'ఆతా' అని పిలిచే జుమాదిల్ ఆతాకు కూడా చేసేది. "నడుం పట్టేసిందిరా" అని ఎవరైనా అనడమే ఆలస్యం, ఆయన తెల్లటి ఉన్ని టోపీ వెనక్కి తోసుకుని "నాకూ అంతే!" అనేవాడు. అని ఊరుకునేవాడా? ఒక చెయ్యి నడుం మీద ఆనించి, అవతలివాడి పక్కనే బల్ల మీద చతికిలబడి మూలిగేవాడు. అసలు రోగి మూలుగు పక్కవాడికి కూడా వినబడేది కాదు గానీ ఆయన మూలుగు మాత్రం వీధి చివర గుర్రపు జీనులు కుట్టేవాడికి కూడా వినబడేది.

ఒకసారి పళ్ల డాక్టరు గుమ్మంలో ఒకాయన బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. జుమాదిల్ ఆతా అటుగా పోతూ ఆగాడు.

"పన్ను పోటా? నాకూ అంతే! అదే దవడ, అదే పన్ను."

"ఆతా, మీకు ఆ వైపున పళ్లే లేవు కదా!"

"అదే కదయ్యా నా కష్టం. ఉన్న పన్ను నొప్పెడితే పీకించుకోవచ్చు. లేని పన్ను నొప్పెడితే ఏం పీకించుకోను?"

ఆ రోగి అంత నొప్పిలోనూ నవ్వాడు. నవ్వితే నొప్పి ఎక్కువై తిట్టాడు. తిడుతూ మళ్లీ నవ్వాడు.

కడుపుతో ఉన్న ఒక పిల్ల పొద్దుటే వికారంగా ఉంటోందని చెప్పుకుంటే, "నాకూ అంతే తల్లీ, మనసంతా పులుపు మీదికే పోతోంది" అని ఆమె చేతిలోని ఎండు ఆప్రికాట్లలో సగం తినేశాడు. ఇంకోసారి ఎవరిదో గుర్రం కుంటుతుంటే చూసి, తనూ కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ఆయన భార్య సైకాల్ అపా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఏ కాలు?"

"వెనక ఎడమ కాలు."

సైకాల్ అపా వీధి వీధంతా తిరిగి ఈ మాట చెప్పింది. చెప్పి, "మా ఆయనకు లోకంలో ఉన్న జబ్బులన్నీ ఉన్నాయమ్మా. లేనిదొక్కటే, సిగ్గు" అని ముగించింది.

ఈ సంగతులన్నీ రిజ్వాన్‌గుల్‌కు బాగా తెలుసు. తెలుసు కాబట్టే, తనకు జబ్బు చేసినప్పుడు ఆయన కంట పడకుండా ఉండాలని ఆమె శాయశక్తులా చూసింది.

రిజ్వాన్‌గుల్‌ది బజారు మూలన చిన్న లగ్మాన్ కొట్టు. పిండి ముద్దకు నూనె పట్టించి, చేతులకు చుట్టుకుని, బల్ల మీద టపటపా కొట్టి సాగదీస్తే సన్నటి లగ్మాన్ తీగలు వచ్చేవి. వాటిని ఉడికించి, పైన మాంసం, ముల్లంగి, ఎర్ర మిరపకాయల పులుసు పోసి ఇచ్చేది. ఆమె పిండి లాగుతుంటే చూడటానికే జనం ఆగేవాళ్లు. భర్త సరిహద్దు దాటి లారీ తోలేవాడు, నెలకోసారి వచ్చేవాడు. అంతకుముందు ఏడాది వేసవిలో, ఊళ్లో ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెట్టిన రోజుల్లో, ఆమె తండ్రి కరోనాతో పోయాడు. అందుకే టీకా వచ్చిందనగానే అందరికన్నా ముందు వరుసలో నిలబడింది. "మా నాన్నకు దొరకనిది నాకు దొరికింది" అనుకుని వేయించుకుంది. ఆ మాట మీద ఆమె ఎప్పుడూ వెనక్కి తగ్గలేదు.

రెండో టీకా తర్వాత జ్వరం వచ్చింది, పోయింది. అందరికీ వచ్చేదే. కానీ జ్వరంతో పాటు వచ్చిన చుట్టాలు కొందరు పోలేదు. కూర్చున్న చోటే గుండె పరుగెత్తినట్టు దడ. మోచేతుల కింద సూదులు పొడిచినట్టు తిమ్మిరి. చెవిలో టీ కెటిల్ మరిగినట్టు హోరు. మెట్లెక్కితే కొండెక్కినంత ఆయాసం. వసంతం వెళ్లి వేసవి వచ్చినా అవి కదల్లేదు. పిండి సాగదీస్తుంటే వేళ్లలో పట్టు తప్పేది, తీగ మధ్యలో తెగేది. తెగిన తీగలు చూసి ఆమెకు ఏడుపొచ్చేది.

ఆడపడుచు పాతమ్ చూడటానికి వచ్చింది. వచ్చి, పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినదానిలా వెలిగిపోయింది.

"నే చెప్పలా? వద్దు వద్దంటే విన్నావా?"

"వదినా, చెయ్యి తిమ్మిరెక్కుతోంది, ఆ కూజా కాస్త ఇటు అందిస్తావా?"

"అందిస్తాలే. ముందు ఒప్పుకో, నే చెప్పానా లేదా?"

కొట్టుకు రోజూ వచ్చే టురాట్ మాస్టారిది ఇంకో గొడవ. ఆమె గుండెదడ మాట ఎత్తగానే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ష్! గట్టిగా అనకమ్మా. నలుగురూ వింటే టీకా మానేస్తారు. ఇంకెవరితోనూ అనకు." తగ్గే మార్గం చెప్పమంటే మాత్రం, "అంతా మనసులోనే ఉందేమో, చూసుకో" అని గిన్నె ఖాళీ చేసి లేచాడు.

డాక్టర్ అనారా ఒక్కతే శ్రద్ధగా విన్నది. రక్తం చూసింది, గుండె పరీక్ష చేయించింది, దడకు చిన్న మాత్ర రాసింది. "కొద్దిమందికి ఇలా మిగులుతోంది. ఎందుకో మాకూ ఇంకా పూర్తిగా అంతుబట్టలేదు. నీ గుండె గట్టిగానే ఉంది, భయపడకు. మెల్లగా తగ్గుతుంది. రోజూ కాస్త నడువు. కానీ అలసట రాకముందే కూర్చో."

అలసట రాకముందే కూర్చోవడం! రిజ్వాన్‌గుల్ వంశంలో ఆ విద్య ఎవరికీ రాదు. వాళ్లమ్మ పురిటినొప్పులు పడుతూ కూడా రొట్టెలు కాల్చింది. రిజ్వాన్‌గుల్ కూడా కాస్త బాగున్న రోజున మూడు రోజుల పని చేసేది, ఆ తర్వాత మూడు రోజులు మంచం పట్టేది. చివరికి ఒక మధ్యాహ్నం, తెగిపోయిన పిండి తీగలన్నీ బకెట్లో పడేసి, కొట్టు తలుపులు మూయడానికి లేచింది. మళ్లీ తీయాలన్న ఆశ ఆమెకు లేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో తెల్ల టోపీ కనబడింది.

"ఏం తల్లీ, ఇంత తొందరగా కట్టేస్తున్నావు?"

దాచే ఓపిక కూడా లేక ఆమె చెప్పేసింది. టీకా, దడ, సూదులు, అన్నీ. జుమాదిల్ ఆతా టోపీ వెనక్కి తోశాడు.

"నాకూ అంతే!"

ఆమెకు ఒళ్లు మండింది. "ఆతా, మీ ఆటలకు ఇది సమయం కాదు."

"ఆటేంటమ్మా! టీకా దగ్గర్నుంచి నా గుండె ఒకటే పరుగు. పెళ్లిపందెంలో గుర్రమే అనుకో."

సరే, ఈయన సంగతేమిటో తేలుద్దామనుకుంది. "నాకు కుడి చెవిలో హోరు."

"నాకూ కుడి చెవిలోనే."

"కాదు కాదు, పొరపాటున చెప్పాను. ఎడమ చెవి."

"చూశావా! నాదీ మొదట కుడిచెవిలోనే ఉండేది. నిన్నటినుంచే ఎడమకు వచ్చింది."

రిజ్వాన్‌గుల్‌కు ఎన్ని వారాల తర్వాతో నవ్వొచ్చింది. నవ్వాక కళ్లలో నీళ్లొచ్చాయి. అబద్ధమో నిజమో గానీ, "నే చెప్పలా" అనకుండా, "ష్" అనకుండా, "మనసులోనే ఉందేమో" అనకుండా తన మాట విన్న మనిషి, డాక్టర్ అనారా కాక, ఊళ్లో ఈయనొక్కడే. తలుపు సగం మూసి అలాగే వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మళ్లీ వచ్చాడు. "తల్లీ, డాక్టర్లు నడవమంటారు. ఒక్కణ్ణే పోతే దార్లో పడిపోతానేమోనని భయం. కాస్త తోడొస్తావా?"

ముసలాయన్ని కాదనలేక వెళ్లింది. పోప్లార్ చెట్ల వరస దాకా నడిచారో లేదో ఆయన ఆగిపోయాడు.

"అబ్బా, దడ! కూర్చుందాం."

"ఇప్పుడే కదా ఆతా బయల్దేరాం!"

"నీకేం తల్లీ, చిన్నదానివి. నా మీద దయ చూపించు."

ఆమె విసుక్కుంటూ కూర్చునేది. కూర్చున్నాక తెలిసేది, తనకూ అప్పుడే ఆయాసం మొదలవబోతోందని. రోజూ ఇదే తంతు. ఆయనకు దడ ఎక్కడ వస్తే అక్కడ మజిలీ. చిత్రమేమిటంటే ఆ దడ ఎప్పుడూ ఆమె అలసటకు ఒక్క అడుగు ముందే వచ్చేది. కొన్నాళ్లకు వాళ్ల నడక చెట్ల వరస దాటింది. ఇంకొన్నాళ్లకు చెక్కతో కట్టిన పాత మసీదు దాకా సాగింది. ఆమె మంచం పట్టే రోజులు తగ్గాయి.

నడకతో ఆగితే ఆయన జుమాదిల్ ఎలా అవుతాడు? ఒకరోజు చేతులు కడుక్కుని పిండిబల్ల దగ్గరికి వచ్చాడు.

"వేళ్లలో ఒకటే సూదులు తల్లీ. పిండి పిసికితే మంచిదట. ఓ ముద్ద ఇటు పడేయ్."

ఆయన లాగిన లగ్మాన్ చూడవలసిందే. ఒక కొన బొటనవేలంత లావు, ఇంకో కొన గుర్రపు వెంట్రుకంత సన్నం. ఒక్కో తీగకు ముడులు, మలుపులు. రిజ్వాన్‌గుల్ సిగ్గుతో చచ్చిపోయింది. కానీ బేరాలు ఆగలేదు సరికదా పెరిగాయి. "రెండు గిన్నెలు రిజ్వాన్‌వి, ఒకటి జుమాదిల్‌ది" అని అడగడం మొదలుపెట్టారు జనం. టురాట్ మాస్టారు ఒక తీగను చెంచాతో పైకెత్తి చూసి, "ఆతా, దీన్ని తినాలా, దీంతో గొర్రెను కట్టాలా?" అన్నాడు.

"ముందు గొర్రెను కట్టు, తర్వాత గొర్రెతో కలిపి తిను" అన్నాడు ఆయన.

ఆమె ఓపిక ఉన్నంతే లాగేది, మిగతాది ఆయన లాగేవాడు. కొట్టు ఒక్కరోజు కూడా మూతపడలేదు.

శరత్కాలంలో ఒక పొద్దుట సైకాల్ అపా కొట్టుకు వచ్చింది. రిజ్వాన్‌గుల్ పియాలాలో టీ పోస్తూ అడిగింది.

"అపా, ఆతా గుండెదడ ఎలా ఉంది? మాత్ర వేసుకుంటున్నారా?"

"ఎవరి గుండె? ఏ మాత్ర?"

"టీకా తర్వాత వచ్చింది కదా."

సైకాల్ అపా నవ్వి నవ్వి పియాలా కింద పెట్టేసింది. "టీకా వేయించుకున్న పూటే మా కట్టెలు కొట్టి, పక్కింటివాళ్ల కట్టెలు కూడా కొట్టిపెట్టాడే! దోమ కుట్టినంత కూడా లేదు ఆయనకు."

రిజ్వాన్‌గుల్ ముఖం మాడిపోయింది. "అయితే ఆతా కూడా నా జబ్బుతో ఆడుకున్నాడన్నమాట."

"ఆడుకోవడమా? కూర్చో ఇలా." సైకాల్ అపా గొంతు మారింది. "వయసులో ఉండగా సరస్సు ఒడ్డున ఆరోగ్య కేంద్రంలో బురద స్నానాలు చేయించేవాడు ఈయన. ఒక గని కార్మికుడు వచ్చేవాడట, ఒళ్లంతా నొప్పులని. ఏ పరీక్షలోనూ ఏమీ కనబడదు. నటన అన్నారు అందరూ. ఈయనకు ఏం చెప్పాలో తెలియక ఓరోజు 'నాకూ అంతే' అన్నాడట. అంతే, ఆ మనిషి బురద చేతులతోనే ఈయన్ని కావలించుకున్నాడట. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడట. అప్పట్నుంచీ మా ఆయనకు పట్టుకుంది ఈ రోగం. ఇంక వదల్లేదు."

ఒక గుక్క టీ తాగి మళ్లీ అంది. "తనకు నిజంగా నొప్పెడితే మాత్రం నోరెత్తడు. పోయిన శీతాకాలం మంచు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. టీ ఎడంచేత్తో తాగుతుంటే నిలదీశాను, అప్పుడు బయటపడింది. ఇప్పటికీ చలికి సలుపుతుంది అది. ఆ చేత్తోనే కదా నీ పిండి లాగుతున్నాడు."

ఆ మధ్యాహ్నం రిజ్వాన్‌గుల్ ఏమీ తెలియనట్టే నడకకు వెళ్లింది. మజిలీలో కూర్చున్నప్పుడు మాత్రం ఉండబట్టలేక అంది.

"ఆతా, మీరు లేకపోతే కొట్టు మూసేసేదాన్ని."

"మూసేస్తే ఎలా తల్లీ! నా వైద్యం ఏమైపోతుంది?"

తొలిమంచు పడే నాటికి ఒక ఉదయం ఆమె పిండిని చేతులకు చుట్టుకుని, బల్ల మీద కొట్టి, సాగదీసింది. తీగ తెగలేదు. ఇంకో ముద్ద లాగింది. ఇంకోటి. పళ్లెం నిండాక గానీ తాను ఒక్కసారి కూడా కూర్చోలేదని తట్టలేదు. రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని, వాటికీ, దేవుడికీ, డాక్టర్ అనారాకూ దండం పెట్టుకుంది.

మధ్యాహ్నం వచ్చిన జుమాదిల్ ఆతా ఆ పళ్లెం చూసి టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"విచిత్రం తల్లీ! పొద్దున లేచేసరికి నాకూ పోయింది. దడ లేదు, సూదులు లేవు."

"రాత్రిళ్లు చెవిలో హోరు మాత్రం కాస్త మిగిలింది ఆతా."

"ఆఁ... అదైతే నాకూ కాస్త మిగిలింది."

ఇద్దరికీ నయమైపోయింది కాబట్టి మర్నాటి నుంచి ఆయన రావడం మానేశాడు. వారం తిరక్కుండా సైకాల్ అపా పరుగున వచ్చింది.

"అమ్మా రిజ్వాన్, నీకు పుణ్యముంటుంది. నీ జబ్బు ఇంకొక్క నెల ఆయనకు ఉంచలేవా? మధ్యాహ్నాలు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో! ఇప్పుడు పొద్దస్తమానం నా వెంటే తిరుగుతూ నా మోకాళ్ల నొప్పి తనదంటున్నాడు."

"పంపించండి అపా. ఆతా లేక నాకూ కొట్టులో తోచట్లేదు."

ఆయన ఆ పూటే వచ్చి పిండిబల్ల దగ్గరికి నడిచాడు. రిజ్వాన్‌గుల్ అడ్డం నిలబడి కత్తి, ఉల్లిపాయల బుట్ట చేతికిచ్చింది. ఉల్లిపాయలు తరిగే చోటు పొయ్యి పక్కనే. అక్కడ మణికట్టుకు వెచ్చగా ఉంటుంది.

"ఉల్లిపాయలా!" అన్నాడాయన. "నేను లగ్మాన్ ఉస్తాదును తల్లీ!"

"ఉస్తాదులు కూర్చునే చెయ్యాలి. ఇది కొట్టు రివాజు."

గొణుక్కుంటూనే పొయ్యి పక్కన కూర్చుని ఒక్కో ఉల్లిపాయను నాలుగంటే నాలుగే ముక్కలు చేశాడు. టురాట్ మాస్టారు గిన్నెలో ఒక ముక్కను చెంచాతో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పొయ్యి పక్కన వెచ్చగా కూర్చున్న ముసలాయన్నీ, ఆయన వైపు చూస్తూ నవ్వుతున్న రిజ్వాన్‌గుల్‌నీ చూశాడు. ఆ ముక్కను అతి కష్టం మీద మింగి, ఇంకో గిన్నె అడిగాడు.